మరకకి కాదు, చన్నీళ్లకి భయపడండి: ఎనామెల్ గిన్నెల మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో ఎనామెల్ గిన్నెల గురించి ఏమన్నా అడగాలంటే రాయండి అన్నామో లేదో ఉత్తరాలూ మెయిళ్లూ గుట్టగా వచ్చి పడ్డాయి. సగం మంది అడిగింది ఒకటే, లోపల మరక పోవట్లేదు ఏం చెయ్యాలి అని. దాని సంగతీ చెప్తాను కానీ ముందు ఒక్క ముక్క బుర్రలో పెట్టుకుంటే కింద రాసేవి చాలా వరకు మీకే తట్టేస్తాయి. ఎనామెల్ అంటే పెయింట్ కాదు, గాజు. గాజుని మెత్తగా పొడి చేసి ఇనుము మీదో స్టీల్ మీదో పూసి సుమారు 800 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే అది కరిగి లోహాన్ని గట్టిగా పట్టేసుకుంటుంది. అంటే మీ స్టవ్ మీద ఉన్నది పైకి గాజు, లోపల ఇనుము. గాజుకి మరకల వల్ల ఏం కాదు, దెబ్బకీ హఠాత్తుగా మారే వేడికీ మాత్రం అస్సలు ఓర్చుకోదు.

ప్రశ్న: మేడమ్, పేరున్న కంపెనీ కాస్ట్ ఐరన్ ఎనామెల్ గిన్నెకీ అంతగా పేరు లేని కంపెనీ గిన్నెకీ రేటులో విపరీతమైన తేడా ఉంది, చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. నిజంగా తేడా ఉందా లేక పేరుకే డబ్బులు కడుతున్నామా? కొనేటప్పుడు ఏం చూడాలి?

జవాబు: రెండూ నిజమేనండి, పేరుకీ కడతాం, పనితనానికీ కడతాం. ఫ్రాన్స్‌లో లె క్రూజే కంపెనీ 1925లో ఫ్రెనోయ్-లె-గ్రాండ్ అనే ఊళ్లో మొదలైంది, పెట్టింది ఇద్దరు, ఒకాయన ఇనుము పోత పొయ్యడంలో ఆరితేరినవాడు, ఇంకొకాయన ఎనామెల్ పనివాడు. మంచి గిన్నెకి కావాల్సినవి ఈ రోజుకీ ఆ రెండే, పోత బాగుండాలి, పూత బాగుండాలి. స్టౌబ్ అనే ఇంకో ఫ్రెంచ్ కంపెనీ 1974లో అల్సాస్‌లో మొదలైంది, అమెరికాలో లాడ్జ్ వాళ్లయితే 1896 నుంచి ఇనుము పోస్తున్నారు కానీ ఎనామెల్‌లోకి చాలా లేటుగా వచ్చారు. వీళ్లవి కాకుండా బోలెడు కంపెనీలు ఉన్నాయి, అన్నీ చెత్త అని నేను అనను.

వంట వరకు చూస్తే పెద్ద తేడా రాదు, ఇనుము ఎవరు పోసినా ఇనుమే, అంతే బరువున్న గిన్నె అంతే వేడి పట్టుకుంటుంది. తేడా బయటపడేది ఏళ్ల తరబడి రోజూ వాడాక, పూత దగ్గర. ఇనుము వేడికి సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది, పైనున్న గాజూ అంతే, కానీ రెండూ ఒకే లెక్కన చెయ్యవు. తెలిసినవాళ్లు ఏం చేస్తారంటే ఇనుము కంటే కొంచెం తక్కువ సాగే గాజుని ఎంచుకుంటారు, అప్పుడు కొలిమి లోంచి తీసి చల్లారేటప్పుడు ఇనుము ఎక్కువ ముడుచుకుని గాజుని అన్నివైపుల నుంచీ బిగించి పట్టుకుంటుంది. గాజుని నొక్కితే గట్టిగా నిలబడుతుంది, లాగితే పుటుక్కున పగులుతుంది, కాబట్టి ఆ బిగింపే దానికి రక్ష. ఈ లెక్క సరిగ్గా కుదరకపోతే కొన్నాళ్లకి సన్నటి వెంట్రుక బీటలు మొదలవుతాయి. ఇంకా అడుగు కోటు అని ఒకటుంటుంది, మామూలుగా అందులో కోబాల్ట్, నికెల్ ఆక్సైడ్లు కొద్దిగా కలుపుతారు, ఇనుముకీ గాజుకీ పట్టు కుదిర్చేది అదే. దాని మీద రంగు కోటు, మంచివాటిలో ఒకటి కంటే ఎక్కువే ఉంటాయి. ఇవేవీ షాపులో నిలబడి కంటితో చూడలేం, అందుకే వారంటీ కాగితం చదవమంటాను, ఎన్నేళ్లు అని కాదు, పెచ్చు ఊడితే మారుస్తారా లేదా అన్న లైను వెతకండి, చాలా వాటిలో అది మినహాయింపుల్లో దాక్కుని ఉంటుంది.

కంటితో, వేలితో చూడగలిగేవీ ఉన్నాయి. గిన్నెని లైటు కిందకి పట్టుకెళ్లి లోపలి అడుగు మీద లైటు నీడ పడేలా ఏటవాలుగా వంచండి, ఆ వెలుగు గీత వంకర్లు పోకుండా నున్నగా జారాలి. ఎక్కడన్నా సూది మొన అంత గుంట కనిపించినా, చిన్న బుడగలాంటిది వేలికి తగిలినా అది వదిలేసి ఇంకోటి తియ్యమనండి, రేపు పూత విడవడం మొదలయ్యేది సరిగ్గా అక్కడే. తర్వాత అంచు చుట్టూ వేలు తిప్పండి, మూత కూర్చునే ఆ అంచు దగ్గర పూత పల్చగా ఉంటుంది లేదా మెరుపు లేని నల్లటి అడుగు కోటు మాత్రమే ఉంటుంది, అది మామూలే, కానీ గరుగ్గా వేలికి గుచ్చుకోకూడదు. మూత పెట్టి తిప్పి చూడండి, టకటకా ఊగకూడదు. అడుగుకి స్కేలు ఆనించి చూడండి. ఇక చెవులు, చాలామంది పట్టించుకోనిది ఇదే, ఉత్త చేత్తో కాదు, మందపాటి గుడ్డ చుట్టుకుని నాలుగు వేళ్లూ దూరుతున్నాయా చూడాలి, ఎందుకంటే ఇంట్లో మీరు ఎత్తేది గుడ్డతోనే కదా, అదీ నిండుగా ఉన్నప్పుడు, కాలిపోతున్నప్పుడు.

నన్నడిగితే మొదటి గిన్నె మధ్యరకం కంపెనీది ఒకటి చూసి ఏరి తీసుకోండి. దాన్ని ఓ ఏడాది వాడితే ఇలాంటి గిన్నె మీకు పడుతుందో లేదో తెలిసిపోతుంది, అప్పుడు ఖరీదైనది కొనాలనిపిస్తే హాయిగా కొనుక్కోండి. రంగు నచ్చిందని ఎక్కువ పెట్టడం తప్పేం కాదు, రోజూ కళ్ల ముందుండే వస్తువు, కాకపోతే రంగుకి పెట్టాం అని తెలిసి పెట్టండి.

ప్రశ్న: మా ఇంట్లో "సెరామిక్" పాన్ ఒకటి ఉంది, రెండేళ్లకే అంటుకోవడం మొదలుపెట్టింది. ఎనామెల్ కూడా అంతేనా?

జవాబు: కాదండి, అది వేరే జాతి. మీ పాన్ బహుశా అల్యూమినియంది, దాని మీద సోల్-జెల్ అనే పద్ధతిలో, అంటే ద్రవంగా పూసి గట్టిపరిచి, వేసిన పల్చటి నాన్‌స్టిక్ పూత ఉంటుంది, అది ఎనామెల్ కంటే చాలా తక్కువ వేడిలో గట్టిపడే పూత, కొత్తలో గుడ్డు వేసినా జారిపోతుంది, వాడే కొద్దీ ఆ గుణం పోతుంది. ఎనామెల్ దానికి సరిగ్గా ఉల్టా, మొదటి రోజు నుంచీ నాన్‌స్టిక్ కాదు, కానీ బాగా చూసుకుంటే దశాబ్దాలు ఉంటుంది. షాపులో అనుమానం వస్తే చిన్న అయస్కాంతం ఆనించి చూడండి. ఎనామెల్ ఉండేది ఇనుము మీదో స్టీల్ మీదో కాబట్టి గిన్నె పక్కలకి కూడా టక్కున పట్టుకుంటుంది. పక్కలకి పట్టకుండా అడుగుకి మాత్రమే పట్టిందంటే ఇండక్షన్ కోసం అడుగున బిళ్ల అతికించిన అల్యూమినియం పాన్ అయ్యుండొచ్చు.

ప్రశ్న: నాకు మణికట్టు నొప్పి ఉందండి. కాస్ట్ ఐరన్‌ది ఎత్తలేనేమో అని భయం. స్టీల్ మీద ఎనామెల్ వేసినవి తేలికగా ఉన్నాయి, అవి తీసుకోవచ్చా? సైజు ఎంత తీసుకోవాలి?

జవాబు: మీ భయం న్యాయమైందే. అయిదు లీటర్ల పైచిలుకు పట్టే కాస్ట్ ఐరన్ గిన్నె మూతతో కలిపి ఖాళీగానే 5 కిలోల దాకా తూగుతుంది, అందులో మూడు లీటర్ల కూర ఉంటే 8 కిలోలు, దాన్ని స్టవ్ మీంచి దించి సింకు దాకా మొయ్యాలి. షాపులో ఖాళీ గిన్నె ఒక్కసారి ఎత్తి "ఆ పర్లేదు" అనుకోకండి. అక్కడే రెండు చేతులతో పట్టుకుని కాసేపు నిలబడి చూడండి.

స్టీల్ ఎనామెల్ తేలిక, త్వరగా వేడెక్కుతుంది, పాలు కాచడానికి, నీళ్లు మరిగించడానికి, సూప్‌కి, ఓవెన్ ట్రేగా చాలా బావుంటుంది. కానీ రేకు పల్చన, మంట ఎక్కడ తగిలితే అక్కడే కాలుతుంది, చిక్కటి కూరలు అడుగంటుతాయి, ఉల్లిపాయలు ఒకచోట మాడి ఒకచోట పచ్చిగా ఉంటాయి. రేకు వంగితే పైనున్న గాజు వంగదు కాబట్టి కింద పడితే పెచ్చు ఊడటం కూడా ఇందులోనే మామూలు. నెమ్మదిగా గంటల తరబడి ఉడికేవి మీ ఇంట్లో ఎక్కువైతే మూడు లీటర్ల లోపు కాస్ట్ ఐరన్‌ది ఒకటి, మిగతా పనులకి స్టీల్ ఎనామెల్‌వి, అలా కలిపి పెట్టుకోండి. పెద్దది ఉంటే ఎప్పుడైనా పనికొస్తుందని కొన్నవాళ్ల ఇళ్లలో ఆ పెద్దది అటక మీదే ఉంటుంది.

ప్రశ్న: లోపల తెల్లగా ఉండేది మంచిదా, నల్లగా ఉండేది మంచిదా?

జవాబు: తెల్లదాంట్లో కనపడుతుంది, నల్లదాంట్లో కనపడదు, తేడా చాలా వరకు అంతే. ఉల్లిపాయలు ఏ రంగుకొచ్చాయి, అడుగున ఎర్రగా పట్టిందా మాడిందా అన్నది తెల్లటి లోపలి భాగంలో ఒక్క చూపుకి తెలుస్తుంది, వంట నేర్చుకుంటున్నవాళ్లకి అది పెద్ద వరం. దానికి బదులుగా మరకలూ అంతే బాగా కనిపిస్తాయి. నల్లటి మ్యాట్ పూత, స్టౌబ్ వాళ్లవి ఇలా ఉంటాయి, చేత్తో తడిమితే కొంచెం గరుగ్గా ఉంటుంది, వాడుతుంటే ఆ గరుకులో నూనె కొద్ది కొద్దిగా పట్టుకుని బాగా పదునెక్కుతుంది, మాంసం లాంటివి ఎర్రగా వేయించుకోడానికి బావుంటుంది. మరకల గురించి ఈ ప్రశ్నలు పంపినవాళ్లలో సగం మందికి నల్లది ఉండుంటే ఈ కాలమ్ సగం ఖాళీగా ఉండేది.

ప్రశ్న: ఎంత ఖరీదు పెట్టి కొన్నా అన్నీ అంటుకుంటున్నాయి అక్కా. మొన్న అడుగు మొత్తం నల్లగా మాడిపోయింది. నాదే తప్పా గిన్నెదా?

జవాబు: మంటదమ్మా. మామూలు పల్చటి గిన్నెకి అలవాటు పడి దీని కిందా పెద్ద మంట పెడతాం, అక్కడే తేడా కొడుతుంది. ఇనుము వేడిని అల్యూమినియం అంత తొందరగా పాకనివ్వదు, నాలుగో వంతు వేగంతో కూడా పాకనివ్వదు, కాబట్టి చిన్న బర్నర్ మీద పెద్ద మంట పెడితే నడిమధ్య బిళ్లంత మేర మండిపోతూ ఉంటుంది, అంచులు ఇంకా గోరువెచ్చగా ఉంటాయి. కానీ ఒకసారి పట్టిన వేడిని మాత్రం ఓ పట్టాన వదలదు, మంట తగ్గించినా కాసేపటి దాకా అదే సెగ. అందుకే ముందు సన్నమంట, అయిదు నిమిషాలు, ఉత్తగా కాదు, నూనె వేసి. నూనె పల్చబడి గిన్నె వంచగానే నీళ్లలా పారుతుంటే అప్పుడు వెయ్యండి. వేశాక వెంటనే గరిటె పెట్టి గెలకొద్దు, ఎర్రబడితే చాలావరకు దానంతటదే వదులుతుంది, ముందే పీకితే సగం అడుగునే ఉండిపోతుంది. మధ్యరకం మంట దాటాల్సిన అవసరం నీళ్లు మరిగించేటప్పుడు తప్ప దాదాపు రాదు.

ఉత్త గిన్నె స్టవ్ మీద పెట్టి మర్చిపోవడం మాత్రం చెయ్యకండి. లోపల నూనో నీళ్లో ఉంటే అవి వేడిని పీల్చుకుంటాయి, ఏమీ లేకపోతే ఆ వేడంతా పూతకే. ఇండక్షన్ మీద బూస్ట్ బటన్ కూడా నొక్కొద్దు, అడుగు ఒక్కసారిగా కాలిపోయి పక్కలు చల్లగా ఉంటే పూత బీట వారుతుంది, ఒక్కోసారి పెచ్చులుగా లేచిపోతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యం, మాడిపోయిందన్న కంగారులో గిన్నె తీసుకెళ్లి కుళాయి కింద పెట్టడం. వేడి గాజు గ్లాసు మీద చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో ఇక్కడా అదే జరుగుతుంది, కాకపోతే వెనక ఇనుము పట్టుకుని ఉంది కాబట్టి ముక్కలై పడదు, "టిక్ టిక్" మని చిన్న చప్పుడు వినిపిస్తుంది, అంతే, ఆ చప్పుడు పూత చిట్లడం. తర్వాత ఎప్పుడో ఆ బీట దగ్గరే పెచ్చు లేస్తుంది, మనం కంపెనీని తిట్టుకుంటాం. మాడితే స్టవ్ కట్టేసి పక్క బర్నర్ మీదికి జరిపి, మూత తీసి, వదిలెయ్యండి. చెయ్యి ఆనించగలిగేంత చల్లారాకే నీళ్లు, అవీ గోరువెచ్చటివి. ఉడుకుతున్న కూరలో నీళ్లు చాలకపోయినా వేడినీళ్లే పొయ్యండి. ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నెని అలాగే స్టవ్ మీదికి ఎక్కించొద్దు, దించిన గిన్నెని తడిగా ఉన్న రాతి గట్టు మీద పెట్టొద్దు, చెక్క పలకో మడత పెట్టిన గుడ్డో వెయ్యండి.

ప్రశ్న: లోపల గోధుమరంగు మరకలు, అడుగున పెన్సిల్‌తో గీసినట్టు బూడిదరంగు గీతలు. వెనిగర్, వంటసోడా కలిపి పోశాను, బుసబుసా పొంగింది కానీ ఏమీ పోలేదు.

జవాబు: పొంగుతుంది చూడ్డానికి బావుంటుంది, అంతకుమించి ఏం చెయ్యదు. ఒకటి ఆమ్లం, ఒకటి క్షారం, కలవగానే ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, మిగిలేది కాస్త ఉప్పునీళ్ల లాంటిది. విడివిడిగా వాడితేనే దేని పని అది చేస్తుంది.

మాడు, గోధుమ మరకలకి వంటసోడా చాలు. మరక మునిగేదాకా నీళ్లు, లీటరుకి రెండు చెంచాల సోడా, సన్నమంట మీద పది నిమిషాలు మరగనివ్వండి. మరుగుతుండగా చెక్క గరిటెతో అడుగుని మెల్లిగా తోస్తూ ఉంటే నల్లటి పొర అంచుల దగ్గర ముందు తెల్లబడి, చిన్న చిన్న రేకుల్లా లేచి నీళ్లలో తేలడం కనిపిస్తుంది, మధ్యలో ముద్ద మాత్రం మొండికేస్తుంది, దాన్ని గీకొద్దు. ఆపేసి, అలాగే చల్లారనిచ్చి, మెత్తటి స్పాంజితో తుడిస్తే చాలావరకు వచ్చేస్తుంది. రాకపోతే రేపు ఇంకోసారి. రెండు రోజులు పట్టినా మీకొచ్చిన నష్టం లేదు, స్టీల్ పీచుతో రెండు నిమిషాల్లో వదిలిస్తే మాత్రం గాజు మీద మెరుపు పోతుంది, మెరుపు పోయిన చోట ఇకనుంచి ప్రతిదీ పట్టుకుంటుంది, అప్పుడు ఇంకా గట్టిగా తోముతారు, అలా అంతే ఇక.

బూడిద గీతలు గీతలు కావు. స్టీల్ గరిటె గాజు మీద రాసుకున్నప్పుడు గరిటె లోహమే కొంచెం అరిగి అక్కడ అంటుకుంటుంది, గాజు స్టీల్ కంటే గట్టిది మరి. ఆక్సాలిక్ యాసిడ్ ఉండే క్లీనింగ్ పౌడర్, బార్ కీపర్స్ ఫ్రెండ్ లాంటిది, చిటికెడు తడి స్పాంజి మీద వేసుకుని నిమిషం పాటు మెల్లిగా రుద్ది బాగా కడిగేస్తే పోతాయి. గ్లౌజులు వేసుకోండి. దాన్ని బ్లీచ్‌తో మాత్రం కలపొద్దు, ప్రాణాంతకమైన గ్యాస్ వస్తుంది. ఆ తర్వాత చెక్కవో సిలికాన్‌వో గరిటెలు వాడండి, గిన్నెలోనే కత్తితో కొయ్యడం, హ్యాండ్ బ్లెండర్ దింపి తిప్పడం మానెయ్యండి, గరిటెకంటిన కూర విదిలించడానికి గిన్నె అంచు మీద టంగుటంగుమని కొట్టడం కూడా, పూత పల్చగా ఉండేది అక్కడే అని పైన చెప్పాగా.

ఇంత చేశాక కూడా లేత పసుపో గోధుమో ఛాయ మిగిలితే వదిలెయ్యండి. వాడిన గిన్నె వాడినట్టు ఉంటుంది. పూత నున్నగా ఉన్నంతవరకు ఆ రంగు వంటకి ఏమీ చెయ్యదు.

ప్రశ్న: లోపల అడుగున గోరంత పెచ్చు ఊడి నల్లగా కనపడుతోంది. ఇంకా వండొచ్చా? విషం అంటున్నారు. ఇంట్లో తాతల కాలం నాటి రంగురంగుల ఎనామెల్ గిన్నెలు కూడా ఉన్నాయి, వాటి సంగతేంటి?

జవాబు: ఇవి రెండు వేరే వేరే భయాలు, కలపకుండా చూద్దాం. పెచ్చు ఊడిన చోట కనపడే నల్లటిది ఇనుము, ఇనుము తిండికి విషం కాదు, ఉత్త ఇనప మూకుళ్లలో వండుకుంటూనే ఉన్నాం. భయపడాల్సింది దాని చుట్టూ ఉన్న గాజుకి. ఒక చోట లేచిందంటే చుట్టుపక్కల అంచు వదులై ఉంటుంది, తర్వాతి ముక్క ఎప్పుడు లేస్తుందో, ఎవరి కంచంలో పడుతుందో చెప్పలేం, అది గాజు పెంకు. కాబట్టి లోపల ఊడితే వంటకి ఆపెయ్యండి. బయటవైపో, మూత పైనో ఊడితే వాడుకోవచ్చు, ఆ మచ్చకి కాస్త నూనె రాస్తే తుప్పు పట్టదు. ఇంట్లో అతుకులేసుకునే ఎపాక్సీ డబ్బాలు అమ్ముతారు, అవి టబ్బులకి, సింకులకి, మంట మీద పెట్టే గిన్నెకి కాదు. మళ్లీ పూత పూయాలంటే పాతదంతా తీసి కొలిమిలో కాల్చాలి, ఇంట్లో అయ్యే పని కాదు. ముందు వారంటీకి రాసి చూడండి, ఎలా ఊడిందో ఉన్నదున్నట్టు రాసి ఫొటో పెట్టండి.

తాతల నాటి గిన్నెల విషయంలో నేను జాగ్రత్త వైపే ఉంటాను. పాత రోజుల్లో ఎర్ర, నారింజ, పసుపు రంగులకి కాడ్మియం కలిపేవాళ్లు, కొన్ని పూతల్లో సీసం ఉండేది, కొన్ని చవక తెల్ల పూతల్లో యాంటిమొనీ ఉండేది. ఈ మూడోది ఉత్త మాట కాదు, 1928లో ఇంగ్లండ్‌లో తెల్ల ఎనామెల్ బకెట్‌లో చేసిన నిమ్మరసం తాగి 70 మంది దాకా జబ్బుపడినట్టు నమోదైంది, పులుపు ఆ పూతలోంచి యాంటిమొనీని లాగేసింది. పులుపు, వేడి, ఎక్కువసేపు నిల్వ, ఈ మూడూ కలిస్తే పూతలో ఉన్న లోహాలు బయటికొచ్చే అవకాశం పెరుగుతుంది. ఇప్పటి వంటగిన్నెలకి ఐఎస్ఓ 4531 అని ఒక ప్రమాణం ఉంది, వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ యాసిడ్‌తోనే పరీక్ష పెట్టి ఎంత లోహం దిగిందో కొలుస్తారు, పేరున్న కంపెనీలు ఇలాంటి పరీక్షల్లో నెగ్గినవే అమ్ముతాయి, కొత్త గిన్నె పెట్టె మీదో కంపెనీ కాగితాల్లోనో ఆహారానికి సురక్షితం అన్న మాట ఉందో లేదో చూసుకోండి. పాతవాటికి ఏ కాగితమూ ఉండదు కాబట్టి అందంగా గూట్లో పెట్టుకోండి, మొక్కలు నాటుకోండి, పళ్లు తొక్కతో పెట్టుకోండి. మరీ వాడాలనిపిస్తే ల్యాబ్‌లో పరీక్ష చేయించి వాడండి.

ప్రశ్న: కొత్త స్టీల్ ఎనామెల్ మగ్గు, ఒక్కసారి కూడా వాడలేదు, అల్మారాలోనే ఉంది. వారం తర్వాత చూస్తే చంద్రవంకలా చిన్న పెచ్చు ఊడి ఉంది! ఎవరూ పడెయ్యలేదని ఒట్టేసి చెప్తున్నారు.

జవాబు: నమ్మండి, పాపం వాళ్లు నిజమే చెప్తుండొచ్చు. కొలిమిలో కాల్చేటప్పుడు స్టీల్ హైడ్రోజన్‌ని పీల్చుకుంటుంది. చల్లారాక ఆ గ్యాస్ మెల్లగా బయటికి రావాలని చూస్తుంది, పైన గాజు మూసేసి ఉంటుంది, ఒత్తిడి పెరిగి పెరిగి ఒకరోజు చేప పొలుసంత ముక్క టప్పున ఎగిరిపోతుంది. ఈ పరిశ్రమలో వాళ్లు దీన్ని అచ్చంగా చేప పొలుసు అనే అంటారు, గంటల్లో రావచ్చు, వారాల తర్వాతా రావచ్చు. ఇది తయారీ లోపం, మీది కాదు, కొన్నచోట మార్చమని గట్టిగా అడగండి.

ప్రశ్న: డిష్‌వాషర్‌లో వెయ్యొచ్చని రాసుంది. వెయ్యనా? ఓవెన్, మైక్రోవేవ్?

జవాబు: వెయ్యొచ్చని రాసినవాళ్లే పక్కన చిన్నక్షరాలతో మెరుపు తగ్గొచ్చు అనీ రాస్తారు, అదీ చదవండి. గాజు పులుపుని బాగానే తట్టుకుంటుంది కానీ ఘాటైన క్షారానికి నెమ్మదిగా కరుగుతుంది, డిష్‌వాషర్ పౌడర్లు సరిగ్గా అలాంటివే. ఎప్పుడో ఒకసారి పర్లేదు, రోజూ వేస్తే పూత పాలిపోయి మసగ్గా అవుతుంది. స్పాంజి, సబ్బునీళ్లు, రెండు నిమిషాల పని.

ఓవెన్‌లో నిక్షేపంగా పెట్టొచ్చు, ముందు మూత మీద పిడి ఏంటో చూడండి, నల్ల ప్లాస్టిక్ లాంటి పిడి అయితే పాతరకాలు సుమారు 190, 200 డిగ్రీల దగ్గరే ఆగాలి, కొత్తవి కొన్ని 250 దాకా తట్టుకుంటాయి, లోహపు పిడి అయితే గొడవే లేదు. 230 డిగ్రీల్లో రొట్టె కాల్చేవాళ్లకి ఇది చాలా ముఖ్యం. మైక్రోవేవ్‌లో మాత్రం వద్దు, పైన గాజైనా లోపల ఇనుమే కదా. గాజు పలక ఉన్న స్టవ్ అయితే గిన్నెని ఎత్తి జరపండి, ఈడిస్తే పలక మీద గీతలు పడతాయి.

ప్రశ్న: రాత్రి మిగిలిన టమాటా కూర గిన్నెలోనే ఉంచెయ్యొచ్చా? అంచు దగ్గర తుప్పు కూడా కనిపిస్తోంది.

జవాబు: ఉంచొచ్చు, పూత లేని ఇనప గిన్నె మీద దీని పెద్ద సుఖం అదే, పులుపు పట్టదు, రుచి మారదు. చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. తుప్పు మాత్రం అంచు దగ్గర పూత పల్చగా ఉండటం వల్ల, కడిగాక తడి మీదే మూతపెట్టి అల్మారాలో తోసెయ్యడం వల్ల. తడిగుడ్డతో తుప్పు తుడిచేసి, బాగా ఆరబెట్టి, వేలికి చుక్క నూనె రాసుకుని అంచు చుట్టూ ఒక్క రౌండు తిప్పండి. లోపల పెట్టేటప్పుడు మూతకీ గిన్నెకీ మధ్య మడత పెట్టిన గుడ్డ పెట్టండి, గాలి ఆడుతుంది, ఒకదాన్నొకటి కొట్టుకోవు. ఒకదాంట్లో ఒకటి పేర్చేవాళ్లు మధ్యలో గుడ్డ వెయ్యకపోతే పైదాని అడుగు కిందదాని లోపలి పూతని గీకేస్తుంది.

ప్రశ్న: మూత పిడి వదులై గిరగిరా తిరుగుతోంది, నేనే బిగించుకోవచ్చా?

జవాబు: నిక్షేపంగా. మూత తిరగేసి మెత్తటి తువ్వాలు మీద పెట్టి, లోపలున్న స్క్రూని చేత్తో పట్టే చిన్న స్క్రూడ్రైవర్‌తో పిడి ఆడకుండా ఆగేవరకు తిప్పండి చాలు. మరమరమంటూ ఇంకా బిగించొద్దు, పవర్ డ్రిల్ అసలే వద్దు, స్క్రూ తల కింద పూత నలిగి పెచ్చు ఊడుతుంది. మూత కన్నం చుట్టూ ఉన్న అంచులోకి నీళ్లు చేరతాయి కాబట్టి ఎప్పుడన్నా ఒకసారి పిడి విప్పి ఆ చోటు కడిగి, ఆరాక మళ్లీ బిగించండి. పిడే విరిగితే విడిగా దొరుకుతుంది, కొనేముందు స్క్రూ మందం మాత్రం కొలుచుకు వెళ్లండి.